రక్షరేకు: రోమక సామ్రాజ్యమునందును, మన మెట్టసీమయందును

గత సంవత్సరము వానకాలమున ఒకనాఁడు మేము ఎనిమిదవ తరగతిలో చరిత్రపాఠము చెప్పుచుండఁగా వెనుక బల్లలయొద్దనుండి నవ్వులు వినవచ్చినవి. వత్సవాయికిఁ జేరువనున్న యొక పల్లెనుండి క్రొత్తగా వచ్చి చేరిన బాలుని చొక్కా గుండీ ఊడిపోఁగా, అతని మెడలోని నల్లత్రాటిని, దానికిఁ గట్టిన రాగి తాయెత్తును చూచి తోడి బాలురు పరిహసించుచుండిరి. ఆ బాలుఁడు బదులు పలుకక, త్రాటిని పుటుక్కునఁ ద్రెంచి జేబులో వేసికొని తలవంచుకొని కూర్చుండెను. మఱునాఁడు అతని తల్లి కూలిపని మానుకొని బడికి వచ్చినది. ఆమె యెవరిమీఁదను నేరము మోపలేదు. "అయ్యగారూ, వీడికి ముందు ఇద్దరు పుట్టి పోయినారండి. వీడన్నా దక్కాలని కట్టినాను. తెంపేసినాడంటే రాత్రి నిద్ర పట్టలేదండి" అని మాత్రము చెప్పినది.

ఆమెకు మేము అప్పుడు తగిన యుత్తర మీయలేకపోతిమి. "అది మూఢవిశ్వాసము" అని యొక్క మాటతోఁ ద్రోసివేయుట సులభము. "కట్టుకొననిమ్ము, పోయిన దేమున్నది" అనుటయు సులభమే. ఈ రెండును ఉపాధ్యాయుఁ డీయఁదగిన యుత్తరములు గావు. కాఁబట్టి మేము ఇంటికిఁ బోయి, తాయెత్తుల చరిత్రను గూర్చి మాకుఁ దెలిసినదానిని క్రమముగా నాలోచించితిమి. ఆ యాలోచనలో దాదాపు రెండువేల యేండ్ల వెనుకనున్న రోమక సామ్రాజ్యము వఱకుఁ బోవలసివచ్చినది. అందు మాకుఁ గనఁబడినదానిని మా విద్యార్థుల యెదుట నుంచుచున్నాము.

మొదట మన యిండ్లలోని వస్తువులను జ్ఞప్తికిఁ దెచ్చుకొందము. పసిబిడ్డకు మొలత్రాడు, చేతులకు నల్లపూసలు, బుగ్గమీఁద కాటుక చుక్క. మెడలో రాగిగొట్టములో రేకును జుట్టి పెట్టిన తాయెత్తు. కలిగినవారి పిల్లలకు బంగారుతోఁ గూర్చిన పులిగోరు. అడవిమృగములను గాపాడుటకై 1972లో వచ్చిన శాసనము తరువాత పులిగోరు ధరించుట నేరమైనది గాని, పూర్వము అది యనేకుల మెడలలో నుండెడిది. పెరిగెడు పైరునకు దిష్టిబొమ్మ, క్రొత్తయింటికి బూడిదగుమ్మడికాయ. వీని యన్నిటి వెనుకను ఉన్న భయ మొక్కటే: మనము ప్రేమించినది మన కన్నులయెదుటనే చెడిపోవు నేమో యను భయము.

రోమకుల యిండ్లలోఁ దొంగిచూచినచో ఈ భయమే మఱియొక వేషమునఁ గనఁబడును. స్వతంత్రుల యింటఁ బుట్టిన మగపిల్లవాని మెడలో 'బుల్ల' యను గుండ్రని బిళ్ల వ్రేలాడుచుండెను. కలిగినవారికది బంగారుబిళ్ల, పేదలకు తోలుబిళ్ల. రెండు పలుచని రేకులను గిన్నెలవలె నొకదానికొకటి బోర్లించి కూర్చినట్లుండు నా బిళ్లలో రక్షకై యేదేని వస్తువును దాఁచుట కలదు. పిల్లవాఁడు యుక్తవయస్సు వచ్చి పెద్దల వస్త్రమును ధరించునాఁడు ఆ బుల్లను దీసి గృహదేవతల సన్నిధిని వ్రేలఁగట్టెడివాఁడు. బాలికలకు నెలవంకవంటి బిళ్ల యుండెను. మనము పులిగోరును గట్టినట్లు, వారు తోడేలు పంటిని శిశువుల మెడలోఁ గట్టిరి. పంటినొప్పులను, బెదురును అది పోఁగొట్టునని నమ్మిరి. ఈ సంగతిని మనకుఁ జెప్పినవాఁడు ప్లినీ యను రోమక పండితుఁడు. ప్రపంచమునందలి వస్తువుల నన్నిటిని గూర్చి 37 సంపుటముల మహాగ్రంథమును వ్రాసిన యాతఁడు, క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ఆ ప్రాంతముననే మరణించెను.

దృష్టిదోషమునకును రోమకులు మిక్కిలి వెఱచిరి. సిరియా దేశపు అంతియోకయ పట్టణమున రెండవ శతాబ్దమునాఁటి యొక యింటి నేలపై రంగురాళ్లతోఁ గూర్చిన చిత్రము త్రవ్వకములలో బయల్పడినది. అందొక పెద్దకన్ను, దానిని త్రిశూలమును, కత్తియు పొడుచుచున్నవి, తేలు, పాము, కుక్క, జెఱ్ఱి, పక్షి యన్నియు దానిపైఁ బడుచున్నవి. ఇంటిలోఁ గాలుపెట్టువాని చెడ్డచూపునకు అదియే ప్రత్యుత్తరము. మన పొలములోని దిష్టిబొమ్మకు ఈ చిత్రమును దూరపుఁ జుట్టమని చెప్పవచ్చును.

మన తాయెత్తునకు సన్నిహితమైన వస్తువు మఱియొకటి గలదు. వెండిరేకు మీఁదనో బంగారురేకు మీఁదనో సన్నని యక్షరములతో రక్షావాక్యములను గీసి, దానిని జుట్టి, చిన్న గొట్టములో నుంచి మెడలో ధరించుట సామ్రాజ్యమంతట వాడుకగా నుండెను. బ్రిటను దేశపు పడమటి కొననున్న సెగొంటియ మను రోమక సైనికస్థావరము చెంత 1827లో అట్టి బంగారురేకొకటి దొరకినది. అందు హీబ్రూ మాటలు గ్రీకు లిపిలో వ్రాయఁబడియున్నవి. చివర 'ఆల్ఫియానుఁడనగు నన్ను రక్షింపుము' అను భావము గల వేఁడికోలు గలదు. ఆ మాటల యర్థము ఆల్ఫియానునకే తెలిసియుండెనో లేదో! మన గ్రామములలో తాయెత్తు కట్టుకొన్నవారిలో లోపలి రేకును విప్పి చదివినవా రెందఱు? తెలియని యక్షరములకే యెక్కువ శక్తి యుండునని తలఁచుట యే దేశమునకైనను సహజముగా నున్నది.

ఈ రోమకులతో మనకేమి సంబంధమని మీరడుగవచ్చును. సంబంధము మనయూరి దరిదాపుననే యున్నది. జగ్గయ్యపేటకుఁ జేరువనున్న ధనంబోడు అను గుట్టపై బౌద్ధస్తూపమును బర్జెసుదొర 1882లో పరిశోధించెను. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ పాలనవత్సరమున, అనఁగా సుమారు మూఁడవ శతాబ్దమున, సిద్ధార్థుఁడను శిల్పి వెలగిరియందలి మహాచైత్యమునకుఁ దూర్పుద్వారమున అయిదు ఆయకస్తంభములను నిలిపినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. ఆ స్తూపమునందలిదే యైన మాంధాతృ చక్రవర్తి శిల్పమును మన విద్యార్థులు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోఁ జూడవచ్చును. చక్రవర్తి చేయెత్తి నిలువఁగా మేఘములనుండి చతురస్రపు నాణెములు వానవలెఁ గురియుచుండును. నాణెము సంతలో వెలయే గాక, ఆకాశమునుండి దిగివచ్చు దీవెనయు నగునని యా శిల్పి భావించినాఁడు.

ఆ కాలముననే కృష్ణానది ముఖద్వారపు సీమకు పడమటి వర్తకుల రాకపోకలుండెను. మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయఁబడిన యెఱ్ఱసముద్రపు యాత్రాగ్రంథము ఈ తీరమును 'మసలియ' యని పేర్కొని, ఇచ్చట సన్నని నూలువస్త్రములు విస్తారముగా నేయఁబడునని చెప్పుచున్నది. రెండవ శతాబ్దపు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న 'కొంటకొస్సుల' నేఁటి ఘంటసాల యని పండితులు నిర్ణయించిరి. వస్త్రములకును, మిరియములకును, మణులకును బదులుగా రోమక నాణెములు మన దేశమునకు వచ్చినవి. వినుకొండలో 1889లో 15 బంగారు నాణెములు దొరకినవి. నల్లగొండ సీమయందలి అక్కెనపల్లిలో అగస్టసు, తిబెరియసు చక్రవర్తుల వెండినాణెములు 1500కుఁ బైగా నొక్కచోట లభించినవి.

ఇక్కడ గమనింపవలసిన విశేష మొకటి గలదు. దక్షిణ భారతదేశమున లభించిన రోమక నాణెములలోఁ గొన్నిటికి చక్రవర్తి శిరస్సునకుఁ బైన రెండేసి రంధ్రములు పొడువఁబడియున్నవి. త్రాటఁ గ్రుచ్చి మెడలో వేసికొన్నప్పుడు ముఖము తలక్రిందు గాక నిటారుగా నిలుచుటకే యీ యేర్పాటు. సంగారెడ్డి చేరువనున్న కొండాపురమున 1940 తరువాత నిజాము ప్రభుత్వపు పురాతత్త్వశాఖవారు జరపిన త్రవ్వకములలో, రోమక నాణెములను బోలి మట్టితోఁ జేసిన బిళ్లలు దొరకినవి. వ్రేలాడఁదీయుటకుఁ దగిన యిట్టి బిళ్లలను పండితులు రోమక బాలుని పేరిటనే 'బుల్ల' లనుచున్నారు. బంగారము కొనలేనివాఁడు మట్టిబిళ్లనే మెడలో వేసికొనెను! రోమునగరమున వెలయై పుట్టిన నాణెము మన దేశమునకు వచ్చి వెలను మఱచి మెడకెక్కినది. మన యవ్వల కాసులపేరు ఎఱిఁగినవారికి ఈ సంగతి వింతగాఁ దోఁపదు.

పగడము కథ యింతకంటెను చిత్రము. పగడము మధ్యధరా సముద్రమున దొరకును. రోమకులు దానిని ఓడలమీఁద భారతదేశపు పడమటి రేవులకుఁ బంపెడివారు. ప్లినీ యిట్లు చెప్పుచున్నాఁడు: రోమకస్త్రీలకు భారతదేశపు ముత్యము లెంత ప్రియమో, భారతీయులకు పగడ మంత ప్రియము, అచ్చటి జ్ఞానులు దానిని ఆపదలనుండి కాపాడు రక్షగా నెంచుదురు. పిదప, శిశువుల మెడలోఁ గట్టిన పగడపుఁగొమ్మ వారిని రక్షించునని తలఁచుటయుఁ గలదని వ్రాసినాఁడు. చూడుఁడు! వారి సముద్రపు వస్తువు మనకు రక్ష. మన సముద్రపు ముత్యము వారికి సింగారము. దూరమునుండి వచ్చిన వస్తువునకు మహిమ యెక్కువ యని యిరువైపుల వారును అనుకొనిరి. కుజగ్రహశాంతికై పగడపు టుంగరమును ధరించువారు మనలో నేఁటికిని గలరు.

అట్లైన రోమక సామ్రాజ్యమునందలి వైద్యు లేమనిరి? మాకు మిక్కిలి యుపకరించిన పాఠ మిచ్చటనే దొరకినది.

గాలెను (129లో జననము) ఆ కాలపు వైద్యులలో నగ్రగణ్యుఁడు. మూర్ఛరోగము గల యొక బాలుఁడు పియోనీ యను మొక్క వేరును మెడలోఁ గట్టుకొని యెనిమిది నెలలు మూర్ఛ లేకుండ నుండెను. వేరు జాఱిపోఁగా మూర్ఛ వచ్చెను. మరలఁ గట్టఁగా నిలిచెను. గాలెను పరీక్షార్థము తానే దానిని దీసిచూడఁగా మరల మూర్ఛ వచ్చెను. కావున వేరే గుణ మిచ్చినదని యాతఁడు తలఁచెను. మఱియొకప్పుడు, పచ్చని సూర్యకాంతపు రాతిపైఁ గిరణములు గల పామును జెక్కి ధరించినచో కడుపునకు మేలని పూర్వులు చెప్పఁగా, ఆతఁడు చెక్కడము లేని రాళ్లను గట్టిచూచి, వానివలనను అంతే మేలు గలుగుచున్నదని నిశ్చయించెను.

విద్యార్థులారా, ఈ మహావైద్యుని పరీక్షలో లోపమెక్కడ నున్నదో కనుఁగొనుఁడు. ఆతఁడు చెక్కడమును దీసిచూచెనేగాని రాతిని దీసిచూడలేదు. మూర్ఛ విషయమున నొక్క బాలుని మాత్రమే చూచెను. మూర్ఛరోగము తానై కొంతకాల మణఁగి తానై తిరిగివచ్చు స్వభావము గలది. పలువురు రోగులను రెండు జట్లుగాఁ జేసి, ఒక జట్టునకు మందిచ్చి, రెండవ జట్టునకు మందువలెఁ గనఁబడుదాని నిచ్చి, ఫలములను లెక్కించి పోల్చిననే గాని నిజము తేలదు. ఈ పద్ధతి వైద్యశాస్త్రమున స్థిరపడినది ఇరువదవ శతాబ్దముననే. గాలెనును నవ్వవలదు. పరీక్షింపవలె నన్న తలంపు ఆతనికిఁ గలిగినది. మనలోఁ బలువురకు నేఁటికిని అది కలుగదు.

గాలెనునకుఁ గొంచెము పూర్వుఁడైన సొరాను డను వైద్యుఁడు రోమునగరమున స్త్రీల రోగములకుఁ జికిత్స చేసెను. రక్తస్రావము నాఁపునని కొందఱు స్త్రీలు కట్టుకొను తాయెత్తులను గూర్చి యాతఁడిట్లు తీర్పు చెప్పెను: వానివలన రోగము నయము గాదు, ఐనను వానిని నిషేధింపరాదు, తాయెత్తు స్వయముగా మేలు చేయకున్నను, ఆశవలన రోగికి మనస్సు కుదుటపడును. ఆతఁ డంతటితో నాగిపోలేదు. చేయవలసిన చికిత్స నంతటిని జేయుచునే యుండెను. ఆ తల్లికి మేమీయలేకపోయిన యుత్తరమును పందొమ్మిది వందల యేండ్ల క్రిందటనే యొకఁడు చెప్పియుంచినాఁడు.

ప్లూటార్కు వ్రాసిన యొక ముచ్చటయు జ్ఞాపకముంచుకొనఁదగినది. ఏథెన్సు నాయకుఁడు పెరిక్లీసు పామరవిశ్వాసములను లెక్కచేయని ధీమంతుఁడు. మహామారి సోఁకి మంచమున నున్న కాలమున, స్త్రీలు తన మెడలోఁ గట్టిన తాయెత్తును ఆతఁడు మిత్రునకుఁ జూపెను. ఇట్టి వెఱ్ఱిని గూడ సహించితి నన్నచో నా స్థితి యెంత దిగజాఱినదో చూడుమని దాని భావము. ఆతఁడు దానిని నమ్మలేదు, త్రెంచియుఁ బాఱవేయలేదు. కట్టిన చేతుల ప్రేమను ఎఱిఁగినవాఁడు గనుక మిన్నకుండెనని మేము తలఁచుచున్నాము.

ఇఁక జ్వరము సంగతి. రెండు మూఁడు శతాబ్దముల కాలమువాఁడైన సెరెనసు సమ్మోనికసు అను రోమకుఁడు పద్యరూపమున నొక వైద్యగ్రంథమును రచించెను. విడిచి విడిచి వచ్చు జ్వరమునకు ఆతఁడు చెప్పిన విధ మిది: 'అబ్రకదబ్ర' యను మాటను పత్రముపై వ్రాసి, దాని క్రింద ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క యక్షరము తగ్గించుచు, కడపట నొక్కటియే మిగులువఱకు వ్రాయవలెను, దానిని నారత్రాటఁ గట్టి మెడలో వేయవలెను. అక్షరములు తఱిగినట్లే జ్వరమును దఱుగునని యాశ. నేఁడు గారడివాఁడు పలుకు మాట యానాఁడు తల్లులకుఁ గడపటి దిక్కు. ఏలయన, రోమక సామ్రాజ్యమున జన్మించిన శిశువులలో నాలుగవ వంతో అంతకు మించియో సంవత్సరము నిండకయే మరణించెడివారని చరిత్రకారుల యంచనా.

ఇటలీలో లున్యానో యను చోట అయిదవ శతాబ్దపు శిశుశ్మశానము 1988 తరువాత త్రవ్వఁబడినది. అందు 47 మంది పసివారి యస్థికలు దొరకినవి. వానితోఁ గూడ కాకోలపు గోరు, కప్పయెముకలు, కుక్కపిల్లల కళేబరములు కనఁబడినవి. కీడు తొలఁగుటకై బ్రదికినవారు చేసిన ప్రయత్నములవి. ఒక చిన్నబిడ్డ యెముకను శాస్త్రజ్ఞులు 2001లో పరీక్షింపఁగా, మలేరియా జ్వరములలోఁ గడు క్రూరమైన ఫాల్సిపారం జాతి క్రిమి యొక్క జాడ యందుఁ గనఁబడినది. వారు దయ్యమునకు వెఱచి గోరును పాతిపెట్టిరి, చంపినది దోమ!

ఆ జ్వరపు క్రిమి దోమలోఁ గనుఁగొనఁబడిన చోటు మన తెలుగుగడ్డయే యని చెప్పుటకు సంతసించుచున్నాము. సికిందరాబాదులో సైనికవైద్యుఁడుగా నున్న రొనాల్డు రాసు, హుసేన్ ఖాను అను రోగి రక్తమును త్రాగిన దోమల కడుపులను సూక్ష్మదర్శినితోఁ బరీక్షించుచు, 1897 ఆగస్టు 20వ తేదీన ఆ క్రిమిని దోమకడుపు గోడలోఁ గనుఁగొనెను. దోమ కొక అణా చొప్పున హుసేన్ ఖానునకు ముట్టెను. రాసునకు 1902లో నోబెలు బహుమానము వచ్చినది. అబ్రకదబ్ర యక్షరములను దఱుగఁ జేసినది. దోమతెరయు, మురుగునీటి నివారణయు, మందుబిళ్లయు జ్వరమును దఱుగఁ జేసినవి. నేఁడు మన దేశమున వేయిమంది శిశువులలో తొలియేఁట మరణించువారు 30 మందికి లోపుగా నున్నారు. అదియు నెక్కువయే, ఐనను రోమకుల తల్లులు కలలోనైనఁ జూడని సంఖ్య యది.

కాఁబట్టి తాయెత్తును మేమెట్లు చూడవలెను? అది మానవుని ప్రేమ నిస్సహాయమై నిలిచిన చోటును జూపు గుర్తు. ప్రేమను నవ్వుట మూర్ఖత. నిస్సహాయతను అట్లే యుంచుట పాపము. చదువుకొన్నవాని పని త్రాటిని ద్రెంచుట గాదు. ఆ ప్రేమకు దారి చూపుట. తాయెత్తువలనఁ గీడు కలుగునది దానిని మెడలో నుంచుకొన్నప్పుడు గాదు. దానిని నమ్మి కాలమును బోఁగొట్టుకొన్నప్పుడు. మన పత్తిచేలలోను, మిరపతోఁటలలోను పాముకాటు సామాన్యము. కఱచిన కాలిని గదల్పక, కోయక, బిగించి కట్టక, వెంటనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను. మంత్రము వేయువాని యింటి ముందు గడపిన ప్రతి గడియయు విషమునకే యుపకరించును.

ఆ బాలునకు క్రొత్త నల్లత్రాటిని మేమే కొనియిచ్చి తాయెత్తును గట్టుకొమ్మంటిమి. నవ్విన బాలురు తామై వచ్చి యతనిని క్షమాపణ వేఁడిరి. తల్లితో మేము చెప్పినది రెండే మాటలు: "అమ్మా, త్రాడు నీ యిష్టము. ఒళ్లు కాలిన దినమున మాత్రము మొదట ఆసుపత్రికిఁ దీసికొని రమ్ము." కార్తికమాసమున వానికి జ్వరము తగిలినది. ఆమె ప్రొద్దు పొడువకమునుపే బిడ్డను భుజమున వేసికొని బయలుదేఱినది. రక్తపరీక్ష యైనది, మందు లిచ్చిరి. వారమునకు వాఁడు తాయెత్తుతోడనే తరగతిలోఁ గూర్చుండెను. ఈ మాఱు ఎవ్వరును నవ్వలేదు.

ప్రియవిద్యార్థులారా, మీ యిండ్లలో అవ్వ కట్టిన త్రాడున్నచో దానిని అవమానింపకుఁడు. ఆమె యేడ్చిన యేడ్పు అందు ముడివడియున్నది. దానితోఁ బాటు దోమతెరను గట్టుఁడు, నీటిని కాఁచి త్రాగుఁడు, టీకాల తేదీలను అవ్వకుఁ జదివి వినిపింపుఁడు. రేకులోని యక్షరములను చదువలేకున్నను, మందుసీసా మీఁది యక్షరములను చదువఁగలవారు మీరు. మన యింటివారికి మీ చదువే కట్టవలసిన రక్ష.